బండిలో నీళ్ళు తగ్గుతున్నాయిరా!

మిన్నెసోటాలో ఉండే తెలుగువాళ్ళకి చలికాలం గురించి చెప్పడమంటే విజయవాడ వాళ్ళకి ఎండల గురించి చెప్పడమే. కాబట్టి ఆ వర్ణనల జోలికి పోను. నేను చెప్పబోయేది కారు హీటర్ గురించి. ఇంకా సూటిగా చెప్పాలంటే, 2019 జనవరిలో ఒక రాత్రి హైవే మీద మా మినీవ్యాన్ హీటర్ చల్లగాలి ఊదడం గురించీ, దాని వెనక ఉన్న కొన్ని గ్లాసుల నీళ్ళ గురించీ.

ముందే ఒక మాట. నేను మెకానిక్‌ని కాను. కంప్యూటర్ సైన్స్‌లో మాస్టర్స్ చేసి, ఇరవై ఏళ్ళుగా ఊరూరా తిరుగుతూ కన్సల్టింగ్ చేసుకుంటున్నవాణ్ణి. ఆ రాత్రి వరకూ నాకు తెలిసిన హీటర్ విద్యల్లా ఎర్రగీత వైపు మీట తిప్పడమే.

సంక్రాంతి నుంచి తిరిగొస్తూ

అప్పుడు మేము రాచెస్టర్‌లో ఉండేవాళ్ళం. సంక్రాంతి సంబరాలు జంటనగరాల్లో. ఇక్కడ జంటనగరాలంటే మినియాపోలిస్, సెయింట్ పాల్ అని కొత్తగా వచ్చినవాళ్ళు గమనించాలి. మా ఇంటి నుంచి సుమారు 85 మైళ్ళు. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు, అబ్బాయికి నాలుగు. అమ్మాయి పట్టు పరికిణీ, వాడు పంచె, లాల్చీ. మందపాటి జాకెట్లు వేస్తే ఫోటోల్లో బాగోదని వాటిని బండిలో వెనక పడేశాం. "కార్లోనేగా వెళ్ళేది, హీటర్ ఉందిగా" అని ఆ మాట అన్నది నేనే.

ముగ్గుల పోటీలు, భోగిపళ్ళు, పిల్లల డాన్సులు, పులిహోర, బొబ్బట్లు అన్నీ అయ్యి బయటికి వచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర. బండి ఆరు గంటలుగా ఆరుబయట పార్కింగ్ లాట్‌లో ఉంది. బయట సున్నా ఫారన్‌హీట్ దరిదాపులు, అంటే మన లెక్కలో మైనస్ 18 డిగ్రీలు.

52వ నంబరు హైవే ఎక్కాక కాసేపు వెచ్చటి గాలే వచ్చింది. పిల్లలు నిద్రపోయారు. తర్వాత గాలి గోరువెచ్చనయ్యింది. ఇంకాసేపటికి, "ఏవండీ, ఇదేంటి, చల్లగాలి కొడుతోంది?" అంది మా ఆవిడ.

మా వృత్తిలో ఏది చెడినా మొదటి మందు ఒకటే. ఆపి మళ్ళీ ఆన్ చేశాను. ఫ్యాన్ పెంచాను, తగ్గించాను. ఏసీ బటన్ నొక్కి చూశాను. ఫ్యాన్ ఎంత పెంచితే అంత చలి. ఇంతలో నా కన్ను డ్యాష్‌బోర్డ్ మీద పడింది. ఎప్పుడూ మధ్యలో ఉండే టెంపరేచర్ ముల్లు పైకి పాకుతోంది. బయట గడ్డకట్టే చలి, లోపల మేం వణుకుతున్నాం, ఇంజన్‌కేమో జ్వరం! ఈ మూడూ ఒకేసారి ఎలా సాధ్యమో నాకు అర్థం కాలేదు.

క్యానన్ ఫాల్స్ దగ్గర గ్యాస్ స్టేషన్‌లో ఆపాను. అసలు ఆ రోడ్డు మీద ఎక్కువ భాగం పొలాలే. ఇంకో పది మైళ్ళు ముందుకు వెళ్ళాక ముల్లు పైకి పోయి ఉంటే ఏం చేసేవాళ్ళమో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. లోపల బెంచీ మీద కూర్చున్న మా అమ్మాయి పరికిణీని కాళ్ళ చుట్టూ చుట్టుకుని, "డాడీ, మనం ఇంటికి వెళ్తామా?" అని అడిగింది. "వెళ్తాం" అన్నాను. ఎలాగో నాకూ తెలియదు.

మా ఊరి నుంచే సంబరాలకి వచ్చిన ఇంకో తెలుగు కుటుంబం మా వెనకాల అరగంట దూరంలో ఉంది. ఫోన్ చేస్తే ఆగారు. వాళ్ళ బండిలో ముగ్గురికే చోటు. పిల్లల కార్ సీట్లు ఊడదీసి అందులో బిగించేసరికి నా వేళ్ళు కొంకర్లు పోయాయి. వాళ్ళని పంపించేసి, టో ట్రక్ కోసం నేను గ్యాస్ స్టేషన్‌లో కూర్చున్నాను. ఇంటికి చేరేసరికి రెండు దాటింది.

మెకానిక్ అడిగిన ప్రశ్న

సోమవారం మెకానిక్ బానెట్ ఎత్తి, ఇంజన్ చల్లారి ఉంది కాబట్టి మూత తీసి చూశాడు. కూలంట్ ఉండాల్సినంత లేదు. ఉన్నదాంట్లోంచి ఒక చుక్క తీసి, చిన్న దుర్భిణి లాంటి పరికరం అద్దం మీద వేసి, వెలుగుకి పెట్టి చూశాడు. "ఇది పది డిగ్రీల ఫారన్‌హీట్‌కే గడ్డకట్టడం మొదలెడుతుంది. ఇందులో ఇన్ని నీళ్ళు ఎవరు పోశారు?" అని అడిగాడు.

నేను వెంటనే అన్నాను: "మా నాన్న."

ఆ జవాబు పూర్తిగా నిజం కాదు. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు మా నాన్న గురించి చెప్పాలి.

నాన్న తెనాలిలో ఇరవై ఏళ్ళు అంబాసిడర్ టాక్సీ నడిపారు. పెళ్ళిళ్ళకీ, తిరుపతికీ, శ్రీశైలానికీ ఆయన బండే. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు రేడియేటర్ పొగలు కక్కితే బండి పక్కకి ఆపి, తడి గోనెసంచి కప్పి, చల్లారాక డిక్కీలోని క్యాన్‌లో నీళ్ళు పోసేవారు. ఆ నీళ్ళు కొళాయివో, చెరువువో, కాలవవో. "మనుషులకి మజ్జిగ, బండికి నీళ్ళు" అనేవారు. నా ఇంజనీరింగ్ ఫీజులు ఆ బండి కట్టినవే.

2018 వేసవిలో అమ్మా నాన్నా మా దగ్గరికి వచ్చి మే నుంచి అక్టోబరు దాకా ఉన్నారు. ఇక్కడికొచ్చిన మన పెద్దవాళ్ళకి ఊసుపోవడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. నాన్నకి మా వ్యాన్ దొరికింది. ప్రతి శనివారం పొద్దున్నే దాన్ని కడిగేవారు. బానెట్ ఎత్తి చూసేవారు. ప్లాస్టిక్ డబ్బాలో నీళ్ళు గీత కిందికి దిగితే ఒక పెద్ద గ్లాసుడు, ఒక్కోసారి రెండు, నింపేవారు. నేను కిటికీలోంచి చూసి, పోనీలే కాలక్షేపం అవుతోంది అనుకునేవాణ్ణి.

సెప్టెంబరులో ఒకరోజు నేను కాన్ఫరెన్స్ కాల్‌లో ఉండగా వచ్చి, "ఒరేయ్, బండిలో నీళ్ళు తగ్గుతున్నాయిరా. పోసిందంతా ఎటు పోతోందో ఒకసారి చూపించు" అన్నారు. నేను మ్యూట్ నొక్కి "అలాగే నాన్నా" అన్నాను. ఆయన అంతటితో ఆగలేదు. పిజ్జా డబ్బా అట్ట విప్పి, రాత్రి బండి కింద పరిచారు. పొద్దున్న దాని మీద అరచేయంత మరక. ఆ అట్టని నాకు చూపించడానికని గరాజ్‌లో గోడకి ఆనించి పెట్టారు. నేను దాన్ని రీసైక్లింగ్ డబ్బాలో పడేశాను.

అసలు కారులో వేడి ఎక్కడిది?

ఇంట్లో హీటర్ వేడిని తయారు చేస్తుంది. పెట్రోలు కారులో హీటర్ వేడిని తయారు చెయ్యదు, ఇంజన్ పారేసే వేడిని వాడుకుంటుంది. మనం పోసిన పెట్రోలు శక్తిలో సుమారు మూడోవంతు లేదా అంతకన్నా తక్కువే చక్రాలకి చేరుతుంది. ఇంకో మూడోవంతు సైలెన్సర్ గుండా పోతుంది. మిగిలిన దాంట్లో చాలాభాగం ఇంజన్ని వేడెక్కిస్తుంది. ఆ వేడిని మోసుకుపోయేదే కూలంట్.

వాటర్ పంప్ ఈ కూలంట్‌ని ఇంజన్‌లో తిప్పుతుంది. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ థర్మోస్టాట్ అనే చిన్న తలుపు దాన్ని రేడియేటర్‌కి పోనివ్వదు. సుమారు 90 డిగ్రీల సెల్సియస్ వచ్చాక తెరుచుకుంటుంది. ఇంజన్‌లోంచి రెండు సన్నని రబ్బరు గొట్టాలు డ్యాష్‌బోర్డ్ వెనకాలకి వెళ్తాయి. అక్కడ అట్టపెట్టె అంత చిన్న రేడియేటర్ ఉంటుంది. దాని పేరు హీటర్ కోర్. వేడి కూలంట్ అందులో తిరుగుతుంటే, ఫ్యాన్ దాని మీదుగా గాలిని మన మీదికి తోలుతుంది. బ్లెండ్ డోర్ అనే ఒక రెక్క వేడిగాలినీ చల్లగాలినీ మనం అడిగిన పాళ్ళలో కలుపుతుంది. అంతే.

వేడినీళ్ళతో వాహనాన్ని వెచ్చబరచాలన్న ఆలోచన చాలా పాతది. మార్గరెట్ విల్‌కాక్స్ అనే అమెరికన్ మహిళ 1893లోనే రైలుపెట్టెల కోసం ఇలాంటి హీటర్‌కి పేటెంటు పొందారు. ఇంజన్ వేడినీళ్ళ మీదుగా బయటిగాలిని తెచ్చి, వడపోసి లోపలికి పంపే పద్ధతిని నాష్ మోటార్స్ 1938లో తన కార్లలో తెచ్చింది. ఈనాటి మన పెట్రోలు కార్లలో ఉన్నది ప్రాథమికంగా అదే.

ఇప్పుడు ఆ రాత్రి చిక్కుముడి విడిపోతుంది. కూలంట్ తగ్గిపోయి మధ్యలో గాలి చేరింది. ఉన్న కాస్తా నీళ్ళపాలు ఎక్కువై, ఆరు గంటల చలిలో ఐసు గోలా లాగా చిక్కబడింది. అది సరిగా తిరగడంలేదు. ఇంజన్ వేడి ఇంజన్ దగ్గరే ఉండిపోయింది కనక ముల్లు పైకి పోయింది. హీటర్ కోర్‌కి వేడి చేరలేదు కనక మాకు చలి. రెండూ ఒకే జబ్బు లక్షణాలు.

మీ బండికి ఇలా జరిగితే

తర్వాత నేను నేర్చుకున్నది ఒక వరసలో చెబుతాను. మా భాషలో దీన్ని డీబగ్గింగ్ అంటారు. ఒక్కో ప్రశ్నతో సగం అనుమానాలు కొట్టెయ్యడమే దీని కిటుకు.

మొదటి ప్రశ్న: గాలి వస్తోందా? అసలు రాకపోతే ఫ్యూజో, ఫ్యాన్ మోటారో పోయి ఉండొచ్చు. అన్నిటికన్నా పై స్పీడులో మాత్రమే వస్తుంటే, చాలా బళ్ళలో రెసిస్టర్ అనే చిన్న ముక్క పోయినట్టు. గాలి నీరసంగా వస్తుంటే క్యాబిన్ ఫిల్టర్ చూడండి. చాలా కార్లలో అది గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది. ఆకులూ దుమ్మూ పట్టి ఉంటే కొత్తది మీరే వేసుకోవచ్చు.

రెండో ప్రశ్న: గాలి బాగానే వస్తోంది కానీ వేడి లేదు. అప్పుడు టెంపరేచర్ ముల్లు ఎక్కడుంది? పావుగంట నడిపినా అడుగునే ఉంటే థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయి ఉండొచ్చు. ఇంజన్ ఎప్పటికీ వేడెక్కదు. ముల్లు పైకి పోతుంటే ఇంకేమీ ఆలోచించకండి. భద్రమైన చోట ఆపి ఇంజన్ కట్టెయ్యండి.

మూడో ప్రశ్న: ముల్లు మామూలుగానే ఉంది, వేడి మాత్రం లేదు. ఇంజన్ పూర్తిగా చల్లారాక కూలంట్ డబ్బాలో మట్టం చూడండి. మ్యాక్స్, మిన్ అని గీతలుంటాయి. బండి పరిగెడుతుంటే వేడిగాలీ, ఎర్రలైటు దగ్గర ఆగితే చల్లగాలీ వస్తే కూడా మొదటి అనుమానం కూలంట్ తగ్గడం మీదే, రెండోది వాటర్ పంప్ మీద. మేము హైవే ఎక్కేముందు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు గాలి చల్లబడింది. నేను పట్టించుకోలేదు.

నాలుగో ప్రశ్న: మట్టం సరిగ్గానే ఉంటే, హీటర్ కోర్‌కి వెళ్ళే రెండు గొట్టాలూ వేడిగా ఉన్నాయా? ఇంజన్ దగ్గర తిరిగే బెల్టులూ ఫ్యాన్లూ ఉంటాయి కనక ఈ పరీక్ష తెలిసినవాళ్ళతో చేయించుకోవడం మేలు. రెండూ వేడిగా ఉంటే వేడి లోపలి దాకా వస్తోంది, తప్పు బ్లెండ్ డోర్‌ది. ఒకటి వేడి, ఒకటి చల్లన అయితే హీటర్ కోర్ పూడుకుపోయి ఉండొచ్చు. రెండూ చల్లగా ఉంటే కూలంట్ తిరగడంలేదు.

ఇంకొన్ని ఆనవాళ్ళు. డ్యాష్‌బోర్డ్ వెనక టకటకమని చప్పుడు వస్తున్నా, డ్రైవర్ వైపు వేడి, పక్క సీటు వైపు చల్లన ఉన్నా అది బ్లెండ్ డోర్‌ని తిప్పే చిన్న మోటారు కావచ్చు. కారులో తియ్యటి వాసన వచ్చి, అద్దాలకి లోపల జిడ్డుగా ఆవిరి పట్టి, ముందు సీటు కింద కార్పెట్ తడిగా ఉంటే హీటర్ కోర్ కారుతోందన్నమాట. దాన్ని మార్చాలంటే చాలా బళ్ళలో డ్యాష్‌బోర్డ్ ఊడదియ్యాలి. ముక్క ఖరీదు కన్నా కూలీ ఎక్కువ. కాబట్టి బిల్లు చూసి గుండె పట్టుకోకండి.

రెండు హెచ్చరికలు. ఇంజన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత, కూలంట్ మూత ఎట్టి పరిస్థితిలోనూ తియ్యకండి. లోపల ఒత్తిడి మీద ఉన్న ద్రవం మొహం మీదికి చిమ్ముతుంది. రెండు, కూలంట్‌లో సాధారణంగా వాడే ఎథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది కానీ విషం. పిల్లలకీ, కుక్కలకీ, పిల్లులకీ అందకుండా పెట్టాలి. కింద ఒలికితే వెంటనే తుడవాలి.

సగం నీళ్ళు, సగం మందు

ఇక నీళ్ళ సంగతి. తెనాలిలో నీళ్ళు గడ్డకట్టవు కాబట్టి నాన్న పద్ధతి అక్కడ ఇరవై ఏళ్ళు నడిచింది. ఇక్కడ నడవదు. నీరు గడ్డకడితే సుమారు తొమ్మిది శాతం ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకి గొట్టాలేం ఖర్మ, ఇనప ఇంజన్ కూడా పగులుతుంది. సగం నీరు, సగం గ్లైకాల్ కలిపితే ఆ మిశ్రమం సుమారు మైనస్ 34 ఫారన్‌హీట్, అంటే మైనస్ 37 సెల్సియస్ దాకా గడ్డకట్టదు. తమాషా ఏమిటంటే, నీళ్ళు కలపని ఉత్త గ్లైకాల్ మైనస్ 13 సెల్సియస్‌కే గడ్డకడుతుంది. విడివిడిగా రెండూ మన చలికి ఆగవు, కలిస్తే ఆగుతాయి. కాబట్టి "ఎక్కువ మందు పోస్తే ఎక్కువ మంచిది" అన్నది కూడా తప్పే. మీ బండి పుస్తకంలో ఏ రకం రాశారో ఆ రకం, ముందే కలిపి అమ్మేది కొనుక్కోండి.

పిల్లలూ, ఇది మీరు ఇంట్లోనే చూడొచ్చు. రెండు ప్లాస్టిక్ కప్పులు తీసుకోండి. రెండిటిలోనూ సగందాకా నీళ్ళు పొయ్యండి. ఒకదాంట్లో మూడు చెంచాల ఉప్పు వేసి బాగా కలపండి. నీళ్ళ మట్టం దగ్గర పెన్నుతో గీత గీసి, రెండూ ఫ్రీజర్‌లో పెట్టండి. గంటగంటకీ తీసి చూడండి. ఏది ముందు గడ్డకట్టింది? గడ్డకట్టాక మంచినీళ్ళ కప్పులో మట్టం గీత దాటి పైకి వచ్చిందా? ఎందుకో అమ్మనీ నాన్ననీ అడగండి. వాళ్ళు తడుముకుంటే ఈ వ్యాసం చూపించండి. కారులో మాత్రం ఉప్పు వెయ్యకూడదు, ఇనుము తుప్పు పడుతుంది!

నేను చెప్పని సంగతి

మా బండికి వాటర్ పంప్ దగ్గర సన్నని కారుడు దొరికింది. పంప్, థర్మోస్టాట్ మార్చి, పాత నీళ్ళన్నీ కడిగి కొత్త కూలంట్ నింపేసరికి ఎనిమిది వందల డాలర్ల పైచిలుకు అయ్యింది. మా అదృష్టం ఏమిటంటే ఇదంతా సంక్రాంతికే జరిగింది. సరిగ్గా పదకొండు రోజుల తర్వాత, జనవరి 30న మినియాపోలిస్‌లో మైనస్ 28 ఫారన్‌హీట్. ఆ వారం బళ్ళు మూసేశారు, ఆ రోజు మిన్నెసోటాలో తపాలా బట్వాడా కూడా ఆపేశారు. ఆ నీళ్ళతో ఆ చలికి బండి బయట ఉండి ఉంటే ఇంజనే పగిలేది.

ఆ తర్వాత రెండు నెలలు ఏ పార్టీకి వెళ్ళినా నాకు ఇదే కథ. "మా నాన్న మినిసోటాలో బండికి చలివేంద్రం పెట్టారు" అని మొదలుపెట్టేవాణ్ణి. అందరూ పడీపడీ నవ్వేవారు. ఒక ఆదివారం వీడియో కాల్‌లో మా అమ్మాయి, "తాతయ్యా, నువ్వు మా కార్‌కి వాటర్ పోశావంట కదా, అందుకే పాడైందంట. డాడీ అందరికీ చెప్పి నవ్విస్తాడు" అనేసింది.

నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ రాత్రి మీకు బాగా చలేసిందా అమ్మా?" అని అడిగారు. అంతే. ఆ తర్వాత వరసగా మూడు నాలుగు వారాలు ఫోన్‌లో ఆయన బండి ఊసెత్తలేదు. ఉద్యోగం, పిల్లల చదువు, అమ్మ మోకాళ్ళు అన్నీ మాట్లాడారు. ఇరవై ఏళ్ళు స్టీరింగ్ పట్టుకున్న మనిషి బండి గురించి అడగడం మానేశారు.

ఇప్పుడు చెప్పాల్సింది చెబుతాను. నాన్న అక్టోబరులో వెళ్ళిపోయారు. నవంబరులో డబ్బా మట్టం తగ్గిందని చూసి, ఆయన చేసినట్టే నేనూ నీళ్ళు పోశాను. రెండు సీసాలు. డిసెంబరులో ఇంకొకటి. చలికాలం నడిబొడ్డున, మిన్నెసోటాలో, పదిహేనేళ్ళుగా ఈ దేశంలో ఉంటున్న నేను. నాన్నకి ఇక్కడి చలి తెలియదు. నాకు తెలుసు. మెకానిక్ అడిగినప్పుడు నోటికి ఆ జవాబు ఎంత తేలిగ్గా వచ్చిందో!

పైగా అదే ఏడాది ఆఫీసులో మా సర్వర్ ఒకటి రోజురోజుకీ మెమరీ కోల్పోతుండేది. ఎక్కడ కారుతోందో వెతికే తీరిక లేక ప్రతి ఆదివారం రాత్రి దాన్ని రీస్టార్ట్ చేసేవాళ్ళం. అంటే వారానికోసారి నీళ్ళు పోసేవాళ్ళం. మా ఇంట్లో ఆ ఏడాది "ఇది ఎటు పోతోంది" అని అడిగిన మనిషి ఒక్కరే. ఆయన కంప్యూటర్ ముట్టుకోలేదు.

ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఎన్ని సీసాలు పోశావు?" అన్నారు.

"మూడు, నాన్నా."

"నీళ్ళు గడ్డకడితే బండి చెడుద్దని నాకెట్టా తెలుస్తుందిరా? నీకు తెలుసు గదా."

"తెలుసు."

"లీకు ఎక్కడ దొరికింది?"

"వాటర్ పంపు దగ్గర."

"మరక ఎడంపక్కనే పడింది, నేను అదే అనుకున్నా. ఆ అట్ట దాచమన్నాను, దాచావా?"

"లేదు నాన్నా. పారేశాను."

"సర్లే. పిల్ల చేత నాకు ఫోన్ చేయించు. బండి ఎట్టా వేడెక్కుద్దో నేను చెబుతా" అన్నారు. మర్నాడు నేను గీసిచ్చిన హీటర్ కోర్ బొమ్మ పట్టుకుని మా అమ్మాయే తాతయ్యకి పాఠం చెప్పింది. ఆయన అడిగిన ప్రశ్నలకి జవాబులు నన్నడిగి మళ్ళీ చెప్పింది. గంటంబావు పట్టింది.

బయల్దేరే ముందు

చలికాలంలో దూరం వెళ్ళేటప్పుడు జాకెట్లు, టోపీలు, చేతితొడుగులు చేతికందేలా పెట్టుకోండి. ఫోటోల తర్వాత తొడుక్కోవచ్చు. రెండు దుప్పట్లు, టార్చిలైటు, ఫోన్ ఛార్జర్, తినడానికి ఏదో ఒకటి బండిలో ఉంచండి. మంచులో ఇరుక్కుపోతే బండి వదిలి నడవకండి. ఇంజన్ బాగానే ఉంటే గంటకి పది నిమిషాలు వేసుకోండి. వేసే ముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తొలగించండి, ఒక కిటికీ కాస్త తెరవండి. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా లేవు. అందుకే గరాజ్‌లో బండి స్టార్ట్ చేసి వేడెక్కనిస్తూ వదిలెయ్యకూడదు, గరాజ్ తలుపు తీసి ఉన్నా సరే.

కరెంటు కార్లున్నవాళ్ళు ఇదంతా మాకెందుకు అనుకోకండి. వాటిలో పారేసే వేడి తక్కువ కనక క్యాబిన్‌ని వెచ్చబరచడానికి బ్యాటరీయే దిక్కు. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2019లో అయిదు కార్లని పరీక్షిస్తే, 20 ఫారన్‌హీట్ చలిలో హీటర్ వేసుకున్నప్పుడు అవి వెళ్ళగలిగే దూరం సగటున 41 శాతం తగ్గింది. వేడిని బయటినుంచి లాగే హీట్ పంపులున్న కార్లు ఇప్పుడు ఎక్కువయ్యాయి, అవి కొంత నయం. అయినా ఛార్జింగ్‌లో ఉండగానే బండిని వెచ్చబెట్టుకుని బయల్దేరడం మంచి అలవాటు.

అన్నిటికన్నా తేలికైన పరీక్ష మాత్రం మా నాన్నది. నెలకోసారి రాత్రి బండి కింద ఒక అట్ట పరవండి. పొద్దున్న మరక కనిపిస్తే దాన్ని పారెయ్యకండి, మెకానిక్‌కి చూపించండి. తగ్గింది నింపేసి ఊరుకోకుండా, ఎటు పోయిందో చూడండి.

ఇప్పటికీ ఏటా అక్టోబరు రాగానే తెనాలి నుంచి ఫోన్ వస్తుంది. "ఒరేయ్, చలి మొదలైందా? నీళ్ళు చూశావా?" అని, వెంటనే సర్దుకుని, "అదే, కూలంటు" అంటారు.

చూశాను నాన్నా. మరి మీరు చూసుకున్నారా? ఈ చలికాలం మీ బండీ, మీ ఇల్లూ వెచ్చగా ఉండాలని కోరుకుంటున్నాను.